కుళాయికి పట్టేది ఉప్పు కాదు

కుళాయి మొదట్లో, బకెట్టు లోపలి అంచున, బాత్రూం టైల్స్ మీద తెల్లగా, గరుకుగా పేరుకునే పొరను చూసి అందరం "ఉప్పు పట్టింది" అంటాం. (నల్లా అని అలవాటున్న తమ్ముళ్ళు నల్లా అనే చదువుకోండి.) నిజంగా ఉప్పే అయితే నీళ్ళు పోయగానే కరిగిపోవాలి కదా! రోజూ నీళ్ళు పడే చోటే అది గట్టిపడుతోందంటే అది వేరే పదార్థం. సైన్సు పుస్తకంలో కాల్షియం కార్బొనేట్ అని చదువుకున్నామే, అదే. సున్నపురాయి. గుడ్డు పెంకులో ఉన్నదీ, లారీల మీద సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్ళేదీ అదే.

రాయి నీళ్ళలోకి ఎలా వచ్చింది? వాన నీళ్ళు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటాయి. ఆ నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి దిగుతూ సున్నాన్ని కరిగించుకుంటాయి. కరిగి ఉన్నప్పుడు అది కాల్షియం బైకార్బొనేట్, కంటికి కనపడదు. బోరులోంచి పైకి వచ్చాక ఆ నీళ్ళు వేడెక్కినా, ఆరిపోయినా, కలిసిన వాయువు ఎగిరిపోయి మళ్ళీ రాయి మిగులుతుంది. నంద్యాల జిల్లా బెలుం గుహల్లో పైనుంచి వేలాడే రాళ్ళు ఏర్పడింది కూడా ఇలాగే. అక్కడ వేల ఏళ్ళు పట్టింది. మన బాత్రూంలో కారే కుళాయికి కొన్ని నెలలు చాలు.

భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణాల ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా సరిపెట్టుకోవచ్చు. 600 ఉన్న నీళ్ళు 15 లీటర్ల బకెట్టు నిండా పడితే, సున్నపురాయి లెక్కన అందులో 9 గ్రాముల సరుకు ఉన్నట్టు. చాలావరకు తూములోకి పోతుంది. ఆరిన చుక్కల్లోదే గోడకు అంటుకుంటుంది.

సున్నానికి విరుగుడు ఆమ్లం. ఇది అందరికీ తెలిసిందే, కానీ ఏ ఆమ్లం అన్న దగ్గరే పొరపాటు జరుగుతోంది. చాలా ఇళ్ళల్లో, హాస్టళ్ళల్లో బాత్రూం యాసిడ్ తెచ్చి గుమ్మరిస్తారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బుసబుసమని పొంగి క్షణాల్లో తెల్లపొర పోతుంది, నిజమే. దానితోపాటు కుళాయి మీద మెరుపు పూత పోతుంది, టైల్స్ సందుల్లోని సిమెంటు పోతుంది. ఇక నేల తాండూరు బండలదో, బేతంచెర్ల నాపరాళ్ళదో అయితే చెప్పనే అక్కర్లేదు. ఆ బండలే సున్నపురాయి! మరకను కరిగించే ఆమ్లం బండను వదిలిపెడుతుందా? ఒకసారి గరుకైన బండకు మురికి రెట్టింపు పడుతుంది. అందుకని నాపరాయి మీద, పాలరాయి మీద, మొజాయిక్ మీద నిమ్మరసం కూడా వాడకూడదు. సబ్బు నీళ్ళతో రుద్దుకోవడమే.

కుళాయికి, టైల్స్‌కు, పింగాణీకి నిమ్మ ఉప్పు చాలు. కిరాణా కొట్లో దొరుకుతుంది. పేరుకు ఉప్పే గానీ సిట్రిక్ ఆమ్లం. లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు పెద్ద చెంచాలు కలపాలి. పాత గుడ్డను అందులో తడిపి కుళాయికి చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టి అరగంట వదిలేయాలి. ఇక్కడ పని చేసేది మన కండబలం కాదు, ఆ అరగంట. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొర ఊడి వస్తుంది. మందంగా ఉంటే మళ్ళీ చుట్టాలి. చాకుతో, ఇనుప పీచుతో గీకితే గీతలు పడి, ఆ గీతల్లోనే సున్నం మళ్ళీ కూర్చుంటుంది. లెట్రిన్ బేసిన్‌కైతే ముందు అందులో నిలిచిన నీళ్ళు తోడేసి, ఈ నీళ్ళు పోసి రాత్రంతా ఉంచవచ్చు. చింతపండు ఇత్తడి బిందెకు పెట్టింది పేరు గానీ సున్నం మీద అంతగా పనిచేయదు. దానిలోని ఆమ్లం సున్నంతో కలిస్తే నీళ్ళలో సరిగా కరగని పదార్థం అవుతుంది.

గోడ మీద నడుము ఎత్తు దాకా జిడ్డుగా, బూడిదరంగులో ఉండేది మాత్రం వేరు. అది సబ్బు, కఠిన జలం కలిసి ఏర్పడిన తెట్టు. దానికి వేడినీళ్ళు, బట్టల పౌడరు చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇప్పుడు చెబుతున్నాం. యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడరుతో ఎప్పుడూ కలపకూడదు. ఒకటి పోసి కడగకుండా రెండోది చల్లినా కలిపినట్టే. వెంటనే క్లోరిన్ వాయువు వస్తుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే. తలుపు వేసిన చిన్న బాత్రూంలో అది ఎంత ప్రమాదమో ఊహించుకోండి. సీసాల్లో వచ్చే టాయిలెట్ క్లీనర్లలో కూడా చాలావాటిలో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. కళ్ళు మండి, దగ్గు వస్తే అన్నీ వదిలేసి బయటికి పరుగెత్తాలి, బకెట్టు తెద్దామని లోపలికి పోకూడదు. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయాలి. ఒంటి మీద యాసిడ్ పడితే కనీసం ఇరవై నిమిషాలు ధారగా నీళ్ళు పోయాలి.

18 ఏళ్ళు నిండనివాళ్ళకు యాసిడ్ అమ్మకూడదని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించింది. అంగట్లో అమ్మకూడనిదాన్ని హాస్టలు పిల్లల చేతికిచ్చి బాత్రూములు కడగమనడం ఏ లెక్కన సబబు? ఎవరైనా అలా ఇస్తే వద్దని చెప్పే హక్కు మనకుంది.

మనలో ఎంతోమంది అమ్మలు నాలుగిళ్ళల్లో బాత్రూములు కడిగి మనల్ని చదివిస్తున్నారు. ఆ ఇళ్ళవాళ్ళు చేతికిచ్చేది యాసిడ్ సీసాయే. చేతి తొడుగులు ఇచ్చేవాళ్ళు తక్కువ. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు బ్లీచింగ్ సంగతి, నిమ్మ ఉప్పు సంగతి అమ్మకు విడమరిచి చెప్పండి. ఒకసారి చేసి చూపించండి. ఇంటి యజమానురాలికి ఏం చెప్పాలో కూడా నేర్పండి: "అమ్మగారూ, యాసిడ్ పోస్తే మీ కుళాయిలే పాడైపోతాయి." మన చేతులు కాలతాయంటే వినని వాళ్ళు కూడా ఈ మాట వింటారు.

పొర మళ్ళీ పట్టకుండా ఉండాలంటే స్నానం అయ్యాక కుళాయిని పొడిగుడ్డతో ఒకసారి తుడవాలి. కారే కుళాయికి వాషరు మార్చాలి. కొన్ని రూపాయల వాషరు, ఒక రెంచీ ఉంటే పది నిమిషాల పని. ముందు గేటు వాల్వు కట్టేయడం మాత్రం మరిచిపోవద్దు.