'ట్రాంబ్లే' అను ఇంటిపేరు: పుట్టుక, వ్యాప్తి

ఇంటిపేర్లను గూర్చి మనము సాధారణముగా అడుగు ప్రశ్న ఒక్కటే: ఇది ఎట్లు పుట్టినది? గ్రామమును బట్టియా, వృత్తిని బట్టియా, పూర్వుని శరీరలక్షణమును బట్టియా అని విచారించి, ఏదో ఒక తరగతిలో చేర్చి, అంతటితో పని ముగిసినదనుకొందుము. పుట్టిన పేర్లలో ఒకటి వేల కుటుంబములకు ఎట్లు వ్యాపించినది, దాని సరసన పుట్టిన మరొకటి రెండు తరములలోనే ఎట్లు మాసిపోయినది అను రెండవ ప్రశ్నను అంతగా పట్టించుకొనము. ఈ లోపము మన పరిశోధకులది మాత్రమే కాదు, సామగ్రిది కూడ. సామాన్య గృహస్థుల జననములను, వివాహములను, మరణములను మూడునాలుగు శతాబ్దములపాటు వరుసగా వ్రాసియుంచిన పుస్తకములు మనకు లేవు. అట్టి పుస్తకములు గల ఒక జాతినుండి ఒక్క పేరును తీసుకొని, దాని పుట్టుకను, నడకను తుదివరకు అనుసరించుట ఈ వ్యాసము ఉద్దేశము. ఆ పేరు ఫ్రెంచివారి 'ట్రాంబ్లే'. దాని జన్మస్థానమైన ఫ్రాన్సులో అది ముందువరుస ఇంటిపేర్లలోనిది కాదు. కెనడాలోని క్వెబెక్ రాష్ట్రములో మాత్రము అన్ని ఇంటిపేర్లలోను మొదటిది.

మొదట శబ్దవిచారము. ఫ్రెంచిలో 'ట్రాంబ్ల్' అనగా ఒక చెట్టు. శీతలదేశములలో పెరుగు ఈ చెట్టునకు లిన్నేయసు 1753లో పెట్టిన శాస్త్రీయనామము 'పోపులుస్ ట్రెములా'. రెండవ పదమునకు లాటిన్ భాషలో 'వణకునది' అని అర్థము. దీని ఆకుతొడిమ ప్రక్కలకు నొక్కినట్లు చదునుగా ఉండుటచేత స్వల్పవాయువునకే ఆకులన్నియు కదలాడును. సంస్కృత పాఠకునకు ఇక్కడ వెంటనే అశ్వత్థము స్ఫురింపక మానదు. అమరసింహుడు అశ్వత్థమునకు చెప్పిన పర్యాయములలో 'చలదల' మొకటి. రెండు చెట్లకు వృక్షశాస్త్రరీత్యా చుట్టరికము లేదు. ఒకటి మర్రికి జ్ఞాతి, మరొకటి ఆ కుటుంబము ఛాయకు కూడ పోదు. అయినను, గాలి లేనివేళ కూడ కదలు ఆకును చూచి ఇద్దరు జనులు వేర్వేరు ఖండములలో ఒకే తీరున పేరు పెట్టినారు. నామకరణములో మనుష్యుని చూపు ఎంత సమానమైనదో ఇట్టి చోట్ల తెలియుచున్నది.

లాటిన్‌లో చెట్టుపేరునకు 'ఏటుం' అను ప్రత్యయము చేర్చినచో ఆ చెట్ల గుంపు, తోపు అను అర్థము వచ్చును. 'ట్రెములేటుం' అనగా వణకుడాకుల తోపు. ఈ ప్రత్యయమే ఉత్తర ఫ్రాన్సు పలుకుబడిలో క్షీణించి 'ఏ' అయినది. చెస్ట్‌నట్ తోపు 'షాట్‌నే', ఆల్డర్ తోపు 'ఓల్నే' అను గ్రామనామములు ఇట్లు ఏర్పడినవే. దక్షిణమున ఈ క్షయము అంతగా జరుగలేదు. అందుచేత ఉత్తరమున షాట్‌నే అయిన పదమే దక్షిణమున 'కాస్టానే' అని కకారమును నిలుపుకొన్నది. ఒక ఇంటిపేరు ఫ్రాన్సులో ఏ దిక్కునుండి వచ్చినదో చెప్పుటకు ఇట్టి ధ్వనిభేదము మంచి ఆధారము. ట్రాంబ్లే నిస్సందేహముగా ఉత్తరపు రూపము.

ఇందులోని బకారము మూలములో లేదు. 'ట్రెములు' అనుదానిలో నడిమి ఉకారము లోపింపగా మకార లకారములు ఒకదానికొకటి తగిలినవి. ఆ రెంటి నడుమ ఉచ్చారణ సౌకర్యమునకై బకారము పుట్టినది. లాటిన్ 'కామెరా' (గది) ఫ్రెంచిలో 'షాంబ్ర్' అగుటయు, 'నుమెరుస్' (సంఖ్య) 'నోంబ్ర్' అగుటయు ఇట్టివే. ఈ మార్పు ప్రాకృతము చదివినవారికి కొత్త కాదు. ఆమ్ర శబ్దము 'అంబ' అగుట, తామ్ర శబ్దము 'తంబ' అగుట ఎరిగినదే. హేమచంద్రుడు తన ప్రాకృత వ్యాకరణములో ఈ రెండు పదములకు ప్రత్యేకముగా సూత్రము చేసినాడు. అక్కడ మకార రేఫముల నడుమ, ఇక్కడ మకార లకారముల నడుమ జరిగిన పని ఒకటే. ధాతువు సంగతి అంత సులభము కాదు. లాటిన్ 'ట్రెమెరే' (వణకు) ధాతువును మన త్రస్ ధాతువుతో పోల్చి, మొదటి భాగము సమానమనియు, చివరి హల్లు వేరనియు తులనాత్మక భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. దీనిని బంధుత్వమనవచ్చును గాని ఏకత్వమనరాదు. వినికిడి పోలికను బట్టి ఫ్రెంచి పదమునకు సంస్కృత వ్యుత్పత్తి కల్పించు ఉత్సాహము మన వ్యాసములలో అప్పుడప్పుడు కనబడుచున్నది. పోలిక ధ్వనిసూత్రమునకు లోబడినప్పుడే దానికి విలువ.

'ట్రాంబ్లే' అను గ్రామములు ఉత్తర ఫ్రాన్సులో అనేకము కలవు. పారిసు సమీపమున 'ట్రాంబ్లే ఆన్ ఫ్రాన్స్' అను పట్టణము ఉన్నది. 1989 వరకు దాని పేరు 'ట్రాంబ్లే లె గొనెస్'. కార్డినల్ రిషెల్యూకు ఆంతరంగికుడైన కపూచిన్ సన్న్యాసి పేర్ జోసెఫ్ (1577-1638) పూర్వాశ్రమములో 'ఫ్రాన్స్వా లెక్లేర్ డ్యూ ట్రాంబ్లే'. ఇన్ని గ్రామములు ఉన్నప్పుడు వాటినుండి వలసపోయినవారు ఒకరితో ఒకరికి సంబంధము లేకయే 'ట్రాంబ్లే' అని పిలువబడిరి. మన 'రావి' అను ఇంటిపేరు గలవారు, 'రావినూతల' వారు, 'రావిపాటి' వారు అందరు ఒక్క చెట్టు క్రింద పుట్టినవారని ఎవరును అనరు. అట్లే ఫ్రాన్సులోని ట్రాంబ్లే వారందరికి ఒక మూలపురుషుడు లేడు. క్వెబెక్‌లో మాత్రము ఉన్నాడు. ఈ భేదమే మన కథకు మూలము.

ఆయన పేరు పియెర్ ట్రాంబ్లే. నార్మండీ సరిహద్దున ఉన్న పెర్ష్ ప్రాంతములో రాందొనే అను గ్రామమున 1626లో జ్ఞానస్నానము పొందినాడు. తండ్రి ఫిలిబేర్, తల్లి జాన్ క్వాన్యె. ఇంత సామాన్యుని వివరములు మనకు దక్కుటకు కారణము 1539లో మొదటి ఫ్రాన్స్వా రాజు విల్లేర్-కొట్రే అనుచోట ఇచ్చిన శాసనము. జ్ఞానస్నానములను మతగురువులు పుస్తకములలో వ్రాయవలెనని అందులో నిర్దేశించినాడు. రాజభాషగా ఫ్రెంచి నెలకొల్పబడినది కూడ ఆ శాసనముచేతనే. భాషా చరిత్రకారులు దానిని ఆ కారణమునకే ఎక్కువ స్మరింతురు.

పెర్ష్ చిన్న ప్రాంతము. అయినను తొలినాటి క్వెబెక్‌కు దానినుండి వచ్చిన జనులు వారి సంఖ్యకు మించిన ప్రాధాన్యము వహించినారు. ఆ ప్రాంతమునకు చెందిన వైద్యుడు రొబేర్ జిఫార్ 1634లో క్వెబెక్ చెంత బోపోర్ భూములను పొంది, తన చుట్టుపక్కల గ్రామములనుండియే రైతులను, వడ్రంగులను తీసుకొనిపోయినాడు. పియెర్ ట్రాంబ్లే 1647లో ఒప్పందపు పనివానిగా సముద్రము దాటినాడు. పది సంవత్సరముల తరువాత, 1657లో, ఓజాన్ అషోన్ అను యువతిని క్వెబెక్‌లో వివాహమాడినాడు. ఆమె లా రొషెల్ సమీప గ్రామమునుండి ఒంటరిగా వచ్చినది. రాజు స్వయముగా ఖర్చు భరించి కన్యలను పంపుట 1663లో గాని ఆరంభము కాలేదు. ఈమె అంతకు ముందటి తరమునకు చెందినది. ఈ దంపతులకు పన్నెండుగురు సంతానము. కుమారులలో నలుగురి వంశములు నిలిచినవి. ఉత్తర అమెరికాలోని ట్రాంబ్లే కుటుంబములు దాదాపు అన్నియు ఈ నలుగురి సంతతియే.

ఈ కుమారులలో తండ్రి పేరే గలవాడు క్వెబెక్ నగరమునకు తూర్పున, సెయింట్ లారెన్స్ నది ఉత్తర తీరమున, లెజెబూల్మాన్ భూములకు అధిపతియైనాడు. షార్లెవాయ్ అని నేడు పిలువబడు ఆ కొండ ప్రాంతములో పేరు వేళ్లూనినది. కొండకును నదికిని నడుమ సాగుభూమి కొద్ది. పంతొమ్మిదవ శతాబ్దారంభమునకే కుటుంబములు భూమిని మించి పెరిగినవి. 1838లో లా మల్బేకు చెందిన ఇరువదియొక్క మంది భాగస్వాములు కలప వ్యాపారమునకై ఒక సంఘముగా కూడి సాగ్నే లోయకు కదలినారు. ఆ సంఘమునకు నాయకుడు అలెక్సీ ట్రాంబ్లే, మారుపేరు 'పికొటే'. మచ్చలవాడు అని ఆ పదమునకు అర్థము. ఒకే ఊరిలో అనేకులు ట్రాంబ్లేలే అయినప్పుడు ఇంటిపేరు గుర్తుగా పనిచేయుట మానివేయును; అప్పుడు దానికి తోక తగిలింపవలసివచ్చును. మన పల్లెలలో ఒకే ఇంటిపేరువారిని 'పెద్దింటివారు', 'చెరువుగట్టువారు' అని వేరుపరచుట ఇట్టిదే. ఇంటిపేరు పుట్టుక ఏ అవసరమునుండి జరిగినదో, దాని అతివ్యాప్తివలన ఆ అవసరమే మరల తలయెత్తినది.

క్వెబెక్ గణాంక సంస్థ 2006లో ప్రకటించిన పట్టికలో ట్రాంబ్లే వారు జనాభాలో 1.08 శాతము. ఆ రాష్ట్ర జనసంఖ్యతో లెక్కించినచో ఎనుబది వేలు దాటును. తరువాతి స్థానములు గాన్యోన్, రాయ్, కోటే, బుషార్ అను పేర్లవి. వీనిలో 'రాయ్' అను పేరును గూర్చి ఒక్క మాట. ఇది వంగదేశపు రాయ్ కాదు. రాజు అను అర్థము గల ఫ్రెంచి పదమునకు పాత వర్ణక్రమము, ఏ ఉత్సవములోనో రాజు వేషము కట్టిన పూర్వునకు వచ్చిన ఎగతాళిపేరు. కాని మూలమునకు పోయినచో లాటిన్ 'రేక్స్', మన 'రాజన్' ఒకే ధాతువునుండి వచ్చినవే. వంగీయుని రాయ్, మన రాయలు ప్రాకృతపు 'రాయ' ద్వారమున, క్వెబెక్ వాని రాయ్ లాటిన్ ద్వారమున వచ్చి ఒక్క రూపమున నిలిచినవి. ఇది నిజమైన బంధుత్వము. రూపసామ్యము మాత్రము కాకతాళీయము.

సుమారు 1840 మొదలు 1930 వరకు తొమ్మిది లక్షల ఫ్రెంచి కెనడా వారు అమెరికా సంయుక్త రాష్ట్రములకు వలసపోయినారని చరిత్రకారుల అంచనా. అక్కడ ట్రాంబ్లే ఆంగ్లేయుల నోట 'ట్రాంబ్లీ' అయినది. రాయ్ వారిలో కొందరు తమ పేరును అనువదించి 'కింగ్' అని వ్రాసికొన్నారు.

ఇక ఈ పేరే ఎందుకు? పియెర్ ట్రాంబ్లేలో విశేషమేమైనను ఉన్నదా? గణితజ్ఞులు లేదందురు. పేరు పుత్రులద్వారా మాత్రమే సాగునట్టి సమాజములో ప్రతి తరమునందును కొన్ని పేర్లు పుత్రాభావముచేత రాలిపోవును, ఆ ఖాళీని మిగిలినవి ఆక్రమించును. ఫ్రాన్సులో బియెనెమే 1845లోనే ఈ సంగతిని సరిగా గుర్తించినాడు. ఇంగ్లండులో గాల్టన్, వాట్సన్ 1874లో దీనిపై ప్రసిద్ధమైన వ్యాసము ప్రకటించినారు. అయితే ఏ పేరునకైనను చివరకు నాశము తప్పదని వాట్సన్ తేల్చుట పొరపాటు. సగటున ఒకరికంటె ఎక్కువ మంది పుత్రులు కలుగు జనములో కొన్ని పేర్లు నిలిచి విస్తరించును. తొలి రెండు మూడు తరములే ప్రాణాంతకమైనవి. పియెర్ నలుగురు కుమారులతో ఆ గండము దాటినాడు.

పేరు విస్తరించుటయు, రక్తము విస్తరించుటయు ఒకటి కావనుటకు మంచి సాక్ష్యము ఆ కాలపు పుస్తకములలోనే కలదు. మాంట్రియల్ విశ్వవిద్యాలయములో 1966 నుండి పరిశోధకులు పాత చర్చి పుస్తకములనన్నిటిని కలిపి వంశవృక్షములు కట్టుచున్నారు. వారి లెక్క ప్రకారము 1800కు పూర్వము అత్యధికముగా వివాహిత సంతతి గలవాడు పెర్ష్‌నుండియే వచ్చిన జకారీ క్లూటియే అను వడ్రంగి. అట్టి సంతతి పదివేలు దాటినది. అయినను క్లూటియే (మేకులు చేయువాడు) అను ఇంటిపేరు క్వెబెక్ మొదటి ఐదింటిలో లేదు. ఆయన రక్తము కుమార్తెల ద్వారా ఇతరుల ఇంటిపేర్లలోనికి ప్రవహించినది.

ఈ విషయము కేవలము కుతూహలమునకు సంబంధించినది కాదు. కొద్ది కుటుంబములనుండి పెరిగిన షార్లెవాయ్, సాగ్నే జనములో కొన్ని వంశానుగత వ్యాధులు ఇతర దేశములకంటె చాల ఎక్కువ. కాళ్లు బిగిసి నడక తప్పు ఒక వ్యాధిని 1978లో వైద్యులు ఆ రెండు ప్రాంతముల పేరుతోనే వర్ణించినారు. టైరొసినీమియా అను మరొక శిశువ్యాధి బీజమును సాగ్నేలో ఇంచుమించు ఇరువదిరెండు మందిలో ఒకరు వహించుచున్నారు. దీనిని చూచి 'ఒకే ఇంటిపేరువారు పెండ్లాడుటచేత' అని తలంచుట సహజమే, కాని సరికాదు. ఈ బీజములను తెచ్చిన తొలి వలసదారులు ఏ పేరువారైనను కావచ్చును. పదితరములలో అవి అన్ని ఇంటిపేర్లలోను వ్యాపించినవి. ట్రాంబ్లే వరుడు బుషార్ వధువును చేసికొన్నంత మాత్రమున రక్తము దూరమైనట్లు కాదు. మేనరికములో ఇంటిపేర్లు వేరయ్యును రక్తము ఒకటే అగుట మన ఇండ్లలో చూచునదే. ఇంటిపేరు, గోత్రము పితృరేఖను మాత్రమే చూపు గుర్తులు. వీనిని చూచి బంధుత్వమును కొలుచువాడు సగము లెక్కను విడిచిపెట్టును.

క్వెబెక్‌లో 1981 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము స్త్రీ వివాహానంతరము కూడ పుట్టింటి పేరునే నిలుపుకొనును. సంతానమునకు తండ్రి పేరైనను, తల్లి పేరైనను, రెండును కలిపియైనను పెట్టవచ్చును. ఫ్రాన్సులో ఇట్టి స్వేచ్ఛ 2005 జనవరినుండి వచ్చినది. గణితజ్ఞుల సూత్రములు పుత్రులను మాత్రమే లెక్కించినవి గనుక వానిని ఇక తిరుగవ్రాసికొనవలసియున్నది. పియెర్ పుట్టిన రాందొనే 2016లో టూరూవ్ర్ అను పొరుగు ఊరితోను మరికొన్ని గ్రామములతోను కలిసి ఒకే పురపాలకమైనది. టూరూవ్ర్‌లో కెనడా వలసలకు ఒక ప్రదర్శనశాల కలదు. ఆయన పేరు ఎనుబది వేలమంది మోయుచున్నారు. వారందరికి ఆయనతో సమానముగా మూలమైన ఓజాన్ ఇంటిపేరు 'అషోన్'ను ఆ పన్నెండుగురు సంతానములో ఒక్కరును మోయలేదు.