నియంత్రిత గగనతల సమీపంలో పరికర విధానాల విస్మరణ: ప్రైవేటు పైలట్ల విషయంలో ఒక పరిశీలన

1986 ఆగస్టు 31న లాస్ ఏంజెలిస్ సమీపంలోని సెరిటోస్ పట్టణంపై ఏరోమెక్సికో డీసీ-9 విమానం, పైపర్ ఆర్చర్ అనే చిన్న ప్రైవేటు విమానం ఢీకొన్నాయి. రెండింటిలోని 67 మంది, నేలపై 15 మంది మరణించారు. పైపర్ అనుమతి లేకుండానే నియంత్రిత గగనతలంలోకి ప్రవేశించింది. ఆ ప్రవేశం ఉద్దేశపూర్వకం కాదని దర్యాప్తు సంస్థ నిర్ధారించింది. పైపర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉన్నది గాని, ఎత్తును తెలిపే ‘మోడ్ సి’ సదుపాయం లేదు.

భూమిపైనున్న రాడార్ పంపే ప్రశ్నకు విమానం నుండి జవాబు పంపే పరికరమే ట్రాన్స్‌పాండర్. నాలుగంకెల సంకేతం విమానాన్ని గుర్తిస్తుంది. మోడ్ సి దానికి ఎత్తును జోడిస్తుంది. పరికరం ‘స్టాండ్‌బై’ స్థితిలో ఉంటే విద్యుత్తు అందుతూనే ఉంటుంది, జవాబు మాత్రం వెళ్లదు. పైలట్‌కు దాని లోపం అనుభవంలోకి రాదు. ఇంజను ధ్వని మారదు, విమానం గతి తప్పదు. పెద్ద విమానాలలోని ఘాత నివారణ వ్యవస్థ కూడా ఈ జవాబుల మీదనే ఆధారపడుతుంది. జవాబు లేని విమానం దానికి కనిపించదు. ఎత్తు తెలియనిచో హెచ్చరించగలదే తప్ప పైకి వెళ్లాలో కిందికి దిగాలో సూచించలేదు. అనగా ఒకరి మరపు వలన రక్షణ కోల్పోయేది మరొకరు.

ఈ మరపును అజాగ్రత్తగా కొట్టివేయడం సరికాదు. చేయవలసిన పనిని తగిన సమయంలో తనంతట తాను గుర్తుచేసుకొనే శక్తిని మనస్తత్వ శాస్త్రం భావిస్మృతి అంటుంది. గగనతలపు సరిహద్దు ఆకాశంలో గీసి ఉండదు గనుక గుర్తుచేసే బాహ్య సూచన లేదు. సరిగ్గా ఆ వేళకే పటం చూడటం, ఫ్రీక్వెన్సీ మార్చడం, ఇతర విమానాల కోసం వెదకడం మీదపడతాయి. చెక్‌లిస్టు చదువుతుండగా రేడియోలో పిలుపు వస్తే, తిరిగి ఏ పంక్తి నుండి మొదలుపెట్టాలో తెలియదు. ఒంటరి ప్రైవేటు పైలట్‌కు సరిచూసే సహపైలట్ కూడా ఉండడు. అయితే ఇద్దరున్నా భద్రమేనని చెప్పలేము. 2006 సెప్టెంబరు 29న బ్రెజిల్‌లో గోల్ సంస్థ బోయింగ్‌ను ఢీకొన్న బిజినెస్ జెట్‌ను ఇద్దరు వృత్తి పైలట్లే నడిపారు; దాని ట్రాన్స్‌పాండర్ అప్పుడు జవాబివ్వడం లేదు. బోయింగ్‌లోని 154 మంది మరణించారు.

సెరిటోస్ అనంతరం అమెరికా ప్రధాన విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ల పరిధిలో మోడ్ సి తప్పనిసరి అయింది. నూతన ట్రాన్స్‌పాండర్లలో అనేకం విమానం గాలిలోకి లేవగానే తామే మేల్కొంటాయి. ఆల్టిమీటరుకు స్థానిక వాయుపీడనాన్ని అమర్చడం మాత్రం సాధారణంగా చిన్న విమానాల్లో నేటికీ చేతిపనే. అది మరచిన పైలట్ తప్పు ఎత్తు చదువుతాడు. మోడ్ సి ఆ అమరికతో నిమిత్తం లేకుండా ప్రామాణిక పీడనాన్ని బట్టి ఎత్తు పంపుతుంది గనుక కంట్రోలర్ తెరపై వేరొక అంకె కనిపిస్తుంది. “మీ ఎత్తు చెప్పండి” అని కంట్రోలర్ అడిగినప్పుడే ఆ తేడా బయటపడుతుంది.