దూరనియంత్రిత టెలిస్కోపులతో ఆకాశ ఛాయాచిత్రణం: విధానం, ప్రామాణికత

వ్యాససంగ్రహం:
సొంత టెలిస్కోపు గాని, చీకటి ఆకాశం గాని లేనివారు సైతం అంతర్జాలం ద్వారా సుదూర వేధశాలలోని పరికరంతో ఆకాశాన్ని చిత్రించే వీలు నేడు ఉంది. ఈ సేవలు పనిచేసే తీరు, లక్ష్యాన్ని ఎంచుకొనే పద్ధతి, లభించిన దత్తాంశం చిత్రంగా మారే క్రమం ఈ వ్యాసంలో వివరింపబడ్డాయి. అలా రూపొందిన చిత్రం ఎంతవరకు శాస్త్రీయ ఆధారంగా నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: వేధశాల, దూరనియంత్రణ, దత్తాంశం, ఫిల్టరు, సవరణ, ప్రామాణికత.

1. ఉపోద్ఘాతం:
ఆకాశం మొత్తాన్ని ఛాయాచిత్ర ఫలకాలపై నమోదు చేయాలని 1887లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం సంకల్పించింది. 'కార్త్ దు సియెల్' అనే ఆ పథకంలో హైదరాబాదుకు కూడా భాగం ఉంది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన వేధశాల, ఆయన మరణానంతరం నిజాం ప్రభుత్వ అధీనంలోకి వచ్చి నిజామియా వేధశాలగా ప్రసిద్ధి పొందింది. మొదట చిలీలోని శాంటియాగోకు కేటాయించిన దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల పట్టీని, అక్కడ పని సాగకపోవడంతో, ఈ వేధశాల 8 అంగుళాల ఛాయాచిత్ర టెలిస్కోపుతో చిత్రించింది. గాజు ఫలకం, చీకటి గది, రాత్రంతా పరికరం పక్కనే కనిపెట్టుకొని ఉండే పరిశీలకుడు — ఆనాటి ఛాయాచిత్రణకు ఇవన్నీ ఒకే చోట ఉండక తప్పేది కాదు.

ఆ నిర్బంధం నేడు తొలగింది. లద్దాఖ్‌లోని హాన్లేలో దాదాపు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును భారత ఖగోళభౌతిక సంస్థ పరిశోధకులు బెంగళూరు సమీపంలోని హొసకోటె నుంచి ఉపగ్రహ సంధానం ద్వారా నడుపుతున్నారు. పరిశోధన సంస్థలకు పరిమితమైన ఈ పద్ధతే ప్రస్తుతం అధ్యాపకులకు, విద్యార్థులకు, ఔత్సాహికులకు సేవారూపంలో అందుతున్నది.

2. సేవల స్వరూపం:
ఈ సేవలను ప్రధానంగా రెండు విధాలుగా విభజించవచ్చు. మొదటిది ప్రత్యక్ష నియంత్రణ. ఇందులో వినియోగదారుడు నిర్ణీత సమయానికి పరికరాన్ని తన అధీనంలోకి తీసుకొని, లక్ష్యాన్ని సూచించి, చిత్రాలు వచ్చే కొద్దీ చూసుకుంటాడు. రెండవది వరుసక్రమ పద్ధతి. ఇందులో కోరిన వస్తువు, ఫిల్టరు, ఎక్స్‌పోజర్ వివరాలను ముందుగా నమోదు చేస్తే, వాతావరణాన్ని, చంద్రుని స్థితిని, ఇతర అభ్యర్థనలను బేరీజు వేసి కంప్యూటరే సమయాన్ని నిర్ణయిస్తుంది.

హార్వర్డ్-స్మిత్సోనియన్ కేంద్రం నిర్వహించే మైక్రో అబ్జర్వేటరీ చిన్న టెలిస్కోపులతో విద్యార్థులకు ఉచితంగా చిత్రాలను పంపుతుంది. లాస్ కంబ్రెస్ వేధశాల వివిధ ఖండాలలోని టెలిస్కోపులను ఒకే యంత్రంలా నడిపి, ఒక చోట తెల్లవారితే మరొక చోట పరిశీలన కొనసాగిస్తుంది. ఐటెలిస్కోప్ వంటి సేవలు రుసుము తీసుకొని పరికరాలను అద్దెకిస్తాయి. వీటన్నిటిలోనూ వర్షం, గాలి, మబ్బు సూచనలు కనబడగానే కప్పు మూసే అధికారం స్థానిక వ్యవస్థకే ఉంటుంది.

3. స్థలకాలాల ఎంపిక:
హైదరాబాదు అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. 69 డిగ్రీల దక్షిణ క్రాంతి వద్ద ఉన్న టరాంటులా నీహారిక అక్కడ అత్యున్నత స్థితిలో కూడా క్షితిజానికి నాలుగు డిగ్రీలు మించి పైకి రాదు. ధూళి, నగర కాంతి నిండిన ఆ భాగంలో చిత్రణ దాదాపు అసాధ్యం. ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ నుంచి అదే నీహారిక యాభై డిగ్రీలకు పైగా ఎత్తున కనబడుతుంది. తెలుగు నేలపై నైరుతి మబ్బులు కమ్మే జూన్, జూలై నెలలలో సైడింగ్ స్ప్రింగ్‌లో దీర్ఘమైన శీతకాలపు రాత్రులు ఉంటాయి.

కాలభేదం తరగతి గదికి అనుకూలిస్తుంది. అరిజోనాలో రాత్రి 8 గంటలైనప్పుడు భారతదేశంలో మరుసటి ఉదయం 8.30 గంటలు. జూన్‌లో సైడింగ్ స్ప్రింగ్ రాత్రి 7.30 గంటలు ఇక్కడ మధ్యాహ్నం 3 గంటలకు సమానం. అంటే కళాశాల పనివేళలలోనే ప్రత్యక్ష పరిశీలన సాధ్యం. అయితే ఒకే పరిశీలనకు రెండు ప్రాంతాలలో రెండు తేదీలు పడే అవకాశం ఉన్నందున, నమోదులో విశ్వకాలమానాన్ని మాత్రమే వాడాలి.

4. పరికర నిర్ణయం:
లక్ష్యపు పరిమాణానికి పరికరం సరిపోతుందో లేదో ముందే గణించాలి. పిక్సెల్ పరిమాణాన్ని మైక్రాన్లలో తీసుకొని 206.265తో గుణించి, నాభ్యంతరాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని భాగిస్తే ఒక్కొక్క పిక్సెల్ ఎన్ని ఆర్క్ సెకండ్ల ఆకాశాన్ని చూస్తుందో తెలుస్తుంది. 9 మైక్రాన్ల పిక్సెల్, 2,000 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉంటే ఆ విలువ సుమారు 0.93. వరుసకు 4,096 పిక్సెళ్లున్న కెమెరా ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ వెడల్పును చూస్తుంది. ఒరాయన్ నీహారిక అందులో ఇముడుతుంది. మూడు డిగ్రీల పొడవున్న ఆండ్రోమెడా గెలాక్సీ ఇమడదు. లైరా రాశిలోని వలయ నీహారిక వంద పిక్సెళ్లలోపే ముగుస్తుంది. ఒకే పరికరం అన్ని లక్ష్యాలకూ తగదనడానికి ఇది నిదర్శనం.

5. దత్తాంశం నుంచి చిత్రానికి:
సేవలు అందించే మూలదత్తాంశం సాధారణంగా ఫిట్స్ రూపంలో ఉంటుంది. 16 బిట్ల దత్తాంశంలో ప్రతి పిక్సెల్‌కు 0 నుంచి 65,535 వరకు ఒక సంఖ్య ఉంటుంది. తేదీ, సమయం, ఫిల్టరు, ఎక్స్‌పోజర్ వంటి వివరాలు అదే ఫైలు శీర్షభాగంలో నమోదవుతాయి.

ఈ సంఖ్యలలో నక్షత్రకాంతితో పాటు పరికర దోషాలు కూడా కలిసి ఉంటాయి. ఎలక్ట్రానిక్ వ్యవస్థ స్వయంగా చేర్చే విలువను బయాస్ చిత్రంతోను, ఉష్ణం వల్ల పుట్టే సంకేతాన్ని డార్క్ చిత్రంతోను తీసివేస్తారు. ధూళి మచ్చలను, అంచుల మసకను ఫ్లాట్ చిత్రంతో భాగించి సరిచేస్తారు. ఆ పిమ్మట అనేక చిత్రాలను నక్షత్రాల ఆధారంగా ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీస్తారు. కాంతి స్వభావసిద్ధమైన ఒడుదుడుకుల విషయంలో స్పష్టత చిత్రాల సంఖ్య వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. పదహారు చిత్రాలు కలిపితే నాలుగు రెట్లు లాభం. ఉపగ్రహాల చారలు ఒకటి రెండు చిత్రాలలోనే ఉంటాయి కనుక మధ్యగతాన్ని తీసుకుంటే తొలగిపోతాయి.

ఈ క్రమం తాళపత్ర గ్రంథాల పరిష్కరణను పోలి ఉంటుంది. పరిష్కర్త అనేక ప్రతులను సరిపోల్చి, లేఖక దోషాలను గుర్తించి పాఠాన్ని నిర్ణయిస్తాడు. మూలప్రతులను మాత్రం భద్రపరుస్తాడు. ఖగోళ చిత్రణలోనూ అదే నియమం వర్తిస్తుంది.

6. వర్ణం, ప్రామాణికత:
కెమెరా స్పందన కాంతికి అనుపాతంలో ఉంటుంది గనుక, సవరించిన చిత్రం కూడా తెరపై దాదాపు నల్లగానే కనబడుతుంది. మసక భాగాలు కనబడేలా విలువలను అసమానంగా సాగదీయడం 'స్ట్రెచింగ్'. ఇది కంటికి ఉపకరిస్తుంది గాని, కాంతుల మధ్య ఉన్న అనుపాతాన్ని చెరిపివేస్తుంది. కనుక నక్షత్రకాంతిని కొలవవలసినది సాగదీయని చిత్రంలోనే.

వర్ణం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఈ టెలిస్కోపులకు అమర్చే కెమెరాలలో చాలావరకు నలుపు-తెలుపువే. రంగు ఫిల్టర్ల నుంచి వస్తుంది. ఉదజని 656.3 నానోమీటర్ల వద్ద వెలువరించే ఎరుపు కాంతిని 'హబుల్ వర్ణక్రమం'లో ఆకుపచ్చగా, గంధక కాంతిని ఎరుపుగా, ప్రాణవాయు కాంతిని నీలంగా చూపుతారు. 1995 నాటి ప్రసిద్ధ 'సృష్టి స్తంభాల' చిత్రం ఇందుకు ఉదాహరణ. మూలకాలను వేరుపరచి చూపడం దీని ప్రయోజనం. ఆ సంకేతం తెలియని పాఠకుడు ఆకాశంలో ఆ వస్తువు అదే రంగులో ఉందని భ్రమపడతాడు. కృత్రిమ మేధతో చిత్రాన్ని పదును చేసే సాధనాలు దత్తాంశంలో లేని సూక్ష్మాంశాలను చేర్చగలవు. అటువంటి చిత్రం నుంచి కొత్త ఆకృతిని నిర్ధారించడం ప్రమాదకరం.

7. ముగింపు:
దూరనియంత్రిత సేవల వల్ల పరిశీలన అవకాశం పెద్ద సంస్థల ప్రాంగణాలను దాటి సాధారణ కళాశాలకు చేరింది. అయితే కప్పు తెరవడం, గురి సరిచూడడం, దోషాలు తొలగించడం యంత్రమే చేయడం వల్ల ఆ దశలు విద్యార్థి దృష్టి నుంచి మరుగవుతాయి. అందమైన సిద్ధచిత్రంతో తృప్తిపడితే మిగిలేది అలంకరణ మాత్రమే. స్థలం, విశ్వకాలం, టెలిస్కోపు వ్యాసం, ఫిల్టరు, ఎక్స్‌పోజర్ల సంఖ్య, సవరణల క్రమం చిత్రంతో పాటు ప్రకటించి, మూలదత్తాంశాన్ని భద్రపరచినప్పుడే మరొకరు ఆ ఫలితాన్ని పరీక్షించగలరు. నిజామియా పరిశీలకులు ఫలకాలపై నక్షత్రాల స్థానాలను కొలిచి సంపుటాలుగా ప్రకటించినందువల్లనే వారి శ్రమ తరువాతి తరాల పరిశోధనకు అక్కరకు వచ్చింది. పరికరం ఎంత దూరాన ఉన్నా, నమోదు బాధ్యత మాత్రం పరిశీలకునిదే.