సర్వీసు చీటీ మీద సంతకం పెట్టేముందు



మా ధవళేశ్వరంలో వేసవి వచ్చిందంటే కాలువలకు నీరు కట్టివేసి లాకులు, తలుపులు, గట్లు బాగుచేస్తారు. 1852లో పూర్తయిన కాటన్ దొరగారి ఆనకట్ట నూరేళ్ళకు పైగా డెల్టాకు నీరిచ్చిందంటే, కట్టినవారి నేర్పుతోపాటు ఏటేటా చేసిన మరమ్మతులు కూడా కారణమే. అవసరమైన పని వేళకు చేయించడం ఒకటి, అవసరం లేనిదానికి డబ్బు పోయడం మరొకటి. ఈ తేడా తెలియక మా కారు విషయంలో నేను రెండు తప్పులు చేశాను.

మాది పాత చిన్న పెట్రోలు కారు. మొదటి ఏడు రాజమండ్రిలో ఒక షోరూముకు సర్వీసుకు ఇచ్చాను. అక్కడి యువకుడు పెద్ద చీటీ వ్రాసి, "ఇవన్నీ చేయిస్తే బండి కొత్తదానిలా ఉంటుంది సార్" అన్నాడు. ఇంజన్ ఫ్లషింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ శుద్ధి, అడుగున కోటింగ్ అంటూ ఏవేవో ఉన్నాయి. ఒక్క ప్రశ్నయినా అడగకుండా సంతకం పెట్టాను. పిల్లల పుస్తకాలకు దాచిన డబ్బు ఆ బిల్లుకే సరిపోయింది. ఇంటికొచ్చాక కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చూస్తే, వాటిలో సగం పనుల ఊసే అందులో లేదు.

ఆ కోపంతో మరుసటి ఏడు, "ఆయిలు మార్చండి చాలు, ఇంకేమీ వద్దు" అన్నాను. ముందు బ్రేకు ప్యాడ్లు అరిగాయని వారు చెప్పినా వినలేదు. నాలుగు నెలల తరువాత బ్యారేజి మీద ఒక సైకిలు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కితే ఇనుము గీసిన శబ్దం! కారు సైకిలుకు జానెడు దూరంలో ఆగింది. వెనుక సీటులో నా భార్య, పిల్లలు ఉన్నారు. మా ఊరి మెకానిక్ చక్రం విప్పి చూచి, "ఈ సంగతి ఎవరూ చెప్పలేదా అయ్యగారూ?" అన్నాడు. "చెప్పారు, నేనే వినలేదు" అన్నాను. ప్యాడ్లతో పోవలసిన ఖర్చు డిస్కుల వరకు ప్రాకింది.

అన్నిటికీ తల ఊపడమూ తెలివి కాదు, అన్నిటినీ కాదనడమూ తెలివి కాదు. అప్పటినుండి నేను మూడు ప్రశ్నలు అడుగుతున్నాను.

1. ఇది కారు పుస్తకంలో ఉన్నదా? ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు?
2. లేకపోతే, ఏ లోపం చూచి చెప్పుతున్నారు? నాకు చూపించగలరా?
3. ఇప్పుడు చేయించకపోతే ఏమవుతుంది?

తప్పించుకోకూడనివి

ఇంజన్ ఆయిలు, దాని ఫిల్టరు మొదటివి. ఈనాటి పెట్రోలు కార్లలో చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేక ఒక సంవత్సరం, ఏది ముందైతే అది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ అది తక్కువ వేడికే మరిగి బ్రేకు పట్టు తగ్గుతుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్ళకొకసారి మార్చమంటాయి. కొన్ని ఇంజన్లకు రబ్బరు టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే ఇంజనే పాడుకావచ్చు, కనుక గడువు దాటనీయకండి. చెయిన్ ఉన్న ఇంజనుకు ఈ ఖర్చు లేదు. టైరు గాళ్ళలో చిన్న దిమ్మలుంటాయి. అరుగుదల వాటిదాకా వస్తే, అంటే 1.6 మిల్లీమీటర్లకు చేరితే, టైరు మార్చవలసిందే.

ఆలోచించి చేయించవలసినవి

బండి నడక బాగుంటే ఇంజెక్టర్ క్లీనింగ్, ఇంజన్ ఫ్లషింగ్ ప్రతి సర్వీసుకూ అక్కరలేదు. బండి కుదుపుతున్నా, పెట్రోలు ఎక్కువ త్రాగుతున్నా అప్పుడు పరీక్ష చేయించండి. అలైన్‌మెంటు, కారు ఒక ప్రక్కకు లాగినప్పుడో టైరు ఒకవైపే అరిగినప్పుడో చేయించాలి. నైట్రోజన్ గాలి సంగతి చెప్పాలంటే, మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. డబ్బిచ్చి అది కొట్టించడంకన్నా నెలకొకసారి మామూలు గాలి సరిచూచుకోవడం మేలు. అడుగు కోటింగ్ విషయంలో సముద్రతీరపువారు జాగ్రత్తపడాలి, ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అయినా ముందు కారు పైకెత్తించి కళ్ళారా చూడండి. కారు వరద నీటిలో మునిగితే మాత్రం లెక్క వేరు. స్టార్టు చేయకుండా తోయించి తీసుకువెళ్ళి, ఆయిళ్ళన్నీ చూపించండి.

వారంటీ పోతుందన్న భయం

బయట పని చేయిస్తే వారంటీ మొత్తం పోతుందని చాలామంది భయపడతారు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు ఇచ్చిన ఉత్తర్వులో, అలా గుండుగుత్తగా షరతు పెట్టకూడదని, బయటి పని లోపం వలన కలిగిన నష్టం మేరకే వారంటీ కాదనవచ్చని చెప్పింది. అయినా వారంటీ కాలంలో పుస్తకంలోని సర్వీసులు తప్పకుండా చేయించి రసీదులు దాచుకోండి. మీరు ఒప్పుకోని పనికి బిల్లు వేస్తే అక్కడే అడగండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉన్నది.

సర్వీసు చెప్పే యువకుని మీద కోపం పెట్టుకోకండి, అతనికీ కుటుంబమున్నది. మర్యాదగా అడగండి, "ఇది ఈసారి వద్దు బాబూ" అని మర్యాదగానే చెప్పండి. మన ఇంటికి వచ్చే ప్రతి రూపాయికీ మనం లెక్క చెప్పవలసినవారమే. దానికన్నా ముందు, మన బండిలో కూర్చున్నవారి ప్రాణానికి లెక్క చెప్పాలి. ఈసారి సర్వీసుకు బయలుదేరేముందు ఆ చిన్న పుస్తకం దుమ్ము దులిపి ఒకసారి చదవండి.