దిగడం నేర్చుకోవడమే కష్టం

2023 డిసెంబరు 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర దుండిగల్ వాయుసేన అకాడమీ విమానం కూలి శిక్షకుడు, క్యాడెట్ ఇద్దరూ మరణించారు. అలాంటి వార్త వింటే, పైలట్ కావాలనుకునే పిల్లలున్న ఇంట్లో, అది కాగజ్‌నగర్ అయినా హైదరాబాద్ అయినా, గుబులు సహజం. అయితే చిన్న విమానాల ప్రమాదాల్లో పెద్ద వాటా ల్యాండింగ్‌దే. వాటిలో చాలావరకు ప్రాణాలు పోవు. శిక్షణకు వాడే సెస్నా 172 విమానం దాదాపు 65 నాట్ల వేగంతో, అంటే గంటకు 120 కిలోమీటర్లతో, రన్‌వే మీదికి వస్తుంది. వేగం మరీ ఎక్కువైతే చక్రాలు నేలను తాకినా విమానం మళ్లీ పైకి లేస్తుంది. కంగారులో విద్యార్థి విమానం ముక్కును కిందికి నొక్కితే ముందు చక్రం నేలకు గుద్దుకుంటుంది. అది విరిగితే ప్రొపెల్లర్ రన్‌వేకు తగులుతుంది.

అందుకే ముందు నేర్పాల్సింది గో అరౌండ్: కుదరదనిపిస్తే ఇంజన్‌కు పూర్తి శక్తినిచ్చి మళ్లీ పైకి వెళ్లడం. విద్యార్థి ఆ పని చేయకపోతే శిక్షకుడు కల్పించుకోవాలి. అలా ప్రతిసారీ కంట్రోల్స్ లాక్కుంటే విద్యార్థి నేర్చుకునేదెప్పుడన్న అభ్యంతరం సబబే. తప్పు చేయనివ్వాలి, కానీ ఎత్తులో ఉన్నప్పుడే. నేలకు దగ్గరయ్యాక దిద్దుకునే వ్యవధి ఉండదు. తాను ఎక్కడ కల్పించుకుంటాడో శిక్షకుడు బయల్దేరకముందే చెప్పాలి. గో అరౌండ్‌తో ఇంధనం వృథా అనేవారూ ఉంటారు. విరిగిన చక్రం, వంగిన ప్రొపెల్లర్ ఖర్చు ముందు అదెంత? గో అరౌండ్ చేసిన విద్యార్థిని తక్కువ చేసి చూసే అకాడమీ ప్రమాదాన్ని చేజేతులా నేర్పుతున్నట్టే.