హెడ్‌లైటు బల్బు మార్చే ముందు... ఎదురొచ్చే కళ్ళ సంగతి కూడా చూడండి!

సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళాలన్నా, తెల్లవారుజామున ముహూర్తం ఉన్న పెళ్ళికి అందుకోవాలన్నా మనకి రాత్రి ప్రయాణం తప్పదు. బయల్దేరే ముందు శ్రీవారు టైర్లలో గాలి చూస్తారు, ఇంజన్ ఆయిలు చూస్తారు. ఈమధ్య చాలా ఇళ్ళలో ఇంకో మాట కూడా వినబడుతోంది. "హెడ్‌లైటు వెలుగు చాలడం లేదు, మంచి పవర్ ఉన్న బల్బు వేయిద్దాం" అని. షాపులో పది నిమిషాల పని. మార్చగానే ఎదుటి గోడ తెల్లగా మెరిసిపోతుంది. పెట్టిన డబ్బుకి ఫలితం కనబడిందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు.

కానీ గోడ మెరవడం వేరు, దారి కనబడడం వేరు. బండి సంగతి మగవాళ్ళు చూసుకుంటారులే అని మనం ఊరుకునే విషయం కాదిది. ఆ బండిలో కూర్చునేది మనం, మన పిల్లలు. అందుకని ఈ బల్బుల కథ కాస్త తెలుసుకుందాం.

బల్బుకీ డోముకీ జత కుదరాలి

ఒక కంపెనీ కుక్కర్‌కి ఇంకో కంపెనీ గాస్కెట్ వేసి చూడండి. మూత పట్టినట్టే ఉంటుంది, ఆవిరి మాత్రం పక్కనించి పోతూనే ఉంటుంది. హెడ్‌లైటూ అంతే. బల్బు వెనక అద్దంలా మెరిసే గిన్నె ఉంటుంది చూశారా, దాన్నే డోము అంటారు. బల్బులో వెలుగు ఏ చోట పుడుతుందో లెక్క కట్టి ఆ డోము వంపు తయారు చేస్తారు.

చాలా కార్లలో వాడే హెచ్4 రకం హాలోజన్ బల్బులో రెండు తీగలుంటాయి. ఒకటి హైబీమ్‌కి, అది 60 వాట్లు. రెండోది డిమ్‌కి, అది 55 వాట్లు. డిమ్ తీగ కింద చిన్న రేకు చిప్ప ఉంటుంది. అది వెలుగుని డోము కింది సగం మీద పడనివ్వదు. అందువల్ల వెలుగంతా పై సగం మీద పడి, రోడ్డు వైపు కిందికి వంగుతుంది. ఎదురొచ్చేవారి కళ్ళని కాపాడేది ఆ చిన్న చిప్పే!

ఇలాంటి డోములో ఎల్ఈడీ బల్బు దూర్చారనుకోండి. ఎల్ఈడీలో తీగ ఉండదు, పలకకి రెండు పక్కలా చిన్న చిన్న దీపపు చుక్కలు అతికించి ఉంటాయి. అవి సరిగ్గా తీగ ఉన్న చోటే, అంతే కొలతలో లేకపోతే వెలుగు చెదిరి పైకీ పక్కకీ పోతుంది. హెచ్ఐడీ అనే జినాన్ బల్బుతోనూ ఇదే చిక్కు. పైగా దాన్ని వెలిగించడానికి 20,000 వోల్టుల దాకా కరెంటు పుట్టించే పెట్టె ఒకటి ఉంటుంది. తెలియనివాళ్ళు దాని జోలికి పోకూడదు.

కంపెనీ నుంచే ఎల్ఈడీ లైట్లతో వచ్చే బళ్ళు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి. వాటి లైటు మొత్తం ఎల్ఈడీ కోసమే తయారై, పరీక్షకు నిలిచి వచ్చింది. హాలోజన్ కోసం చేసిన లైటులో ఎల్ఈడీ బల్బు పెట్టడం ఆ కోవలోకి రాదు.

ఇంకో మోసం కూడా ఉంది. తెల్లటి వెలుగు బండి ముందు పది అడుగుల మేర ధగధగలాడితే మన కంటి పాప ముడుచుకుంటుంది. అప్పుడు దూరాన ఉన్నది మరింత చీకటిగా కనిపిస్తుంది. అంటే దగ్గర దారి బాగా కనబడుతూ, దూరాన నిలబడ్డ గేదె కనబడకుండా పోతుందన్నమాట. లంబసింగి, అరకు వైపు మంచులో వెళ్ళేవారికి ఈ సంగతి బాగా తెలుస్తుంది. మంచులో లైటు పెంచినకొద్దీ ఎదురుగా తెల్లటి తెరే కనిపిస్తుంది గాని దారి కనిపించదు.

కళ్ళు చెదిరేది ఎదుటివారికి, ముప్పు మనకీ!

గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా దాటుతుంది. ఎదుటి లైటుకి కళ్ళు చెదిరి మూడు సెకన్లు ఏమీ కనబడకపోతే, ఆ మనిషి 50 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. వయసు మళ్ళినవారికి, కంట్లో శుక్లాలు మొదలైనవారికి చూపు తేరుకోవడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది.

పెద్ద జాతీయ రహదారుల మీదైతే మధ్యలో డివైడరు ఉంటుంది. మన ఊళ్ళకు వెళ్ళే రోడ్లకి అదేదీ? రోడ్డు పక్కన ఆరబోసిన ధాన్యం, వెనక లైటు లేని ట్రాక్టరు, పొలం నుంచి ఆలస్యంగా నడిచి వచ్చే ఆడకూలీలు... అన్నీ ఆ చీకట్లోనే ఉంటాయి. కళ్ళు చెదిరిన మోటార్‌సైకిలు అబ్బాయి పక్కకి తప్పుకుంటే వాళ్ళ మీదికే పోతాడు. కళ్ళు చెదిరిన లారీ డ్రైవరైతే? ఆ లారీ వచ్చేది మన కారు వైపే! మన లైటు ఎదుటివారి చూపు పోగొడితే ఆ ముప్పు తిరిగి మన దగ్గరికే వస్తుంది సుమా.

వైర్లు మోయగలవా?

ఇస్త్రీపెట్టెనీ గీజర్‌నీ చిన్న ప్లగ్గులో పెట్టకూడదని మనందరికీ తెలుసు. బండిలో కూడా వైర్లు ఇంత కరెంటే మోయాలని లెక్క ఉంటుంది. 60 వాట్ల బల్బులు రెండు 12 వోల్టుల మీద వెలిగితే 10 ఆంపియర్ల కరెంటు తీసుకుంటాయి. అదే 100 వాట్లవైతే 16 ఆంపియర్లు దాటుతుంది. వైరులో పుట్టే వేడి మాత్రం మూడు రెట్లకు దగ్గరగా పెరుగుతుంది. హోల్డరు మెత్తబడుతుంది, స్విచ్చి కాలుతుంది, డోము మెరుపు పొక్కిపోతుంది.

మా తోటికోడలి కొడుకు తన మోటార్‌సైకిలుకి ఇలాగే పెద్ద బల్బు వేయించుకుని వచ్చి, "పెద్దమ్మా, రోడ్డు పట్టపగల్లా ఉంది" అని మురిసిపోయాడు. "నీకు పట్టపగలే, ఎదురొచ్చేవాడి మాటేమిటిరా?" అన్నాను. నవ్వేసి వెళ్ళిపోయాడు. నెల తిరగకుండానే ఊరి బయట చీకట్లో హోల్డరు కరిగి లైటు ఆరిపోయింది. సెల్‌ఫోను వెలుగులో బండి తోసుకుంటూ ఇంటికి చేరాడు. బండి నడుస్తున్నప్పుడు ఆరింది గనుక సరిపోయింది, మలుపులో ఆరి ఉంటే?

2017 ఏప్రిల్ నుంచి తయారైన ద్విచక్ర వాహనాలకి ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి ఎక్కువ వాట్ల బల్బు వేస్తే పగలు కూడా ఆ వేడి తప్పదు. రిలే పెట్టి లావు వైరు వేస్తాం అని షాపువాళ్ళు అంటారు. దాంతో వైరు బాధ తీరవచ్చు గాని డోముకి తగిలే వేడీ, ఎదుటివారికి కొట్టే వెలుగూ తగ్గవు కదా. ఇక ఫ్యూజు పోతోందని పెద్ద ఫ్యూజు వేయించడం మాత్రం ఎప్పుడూ చేయకండి. అది నిప్పుని పిలిచి పీట వేయడమే.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది ఈ లైట్ల గురించే. లైటు వెలుగు కిందికి వంగి ఉండాలి. లైటుకి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడి పక్కగా, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి అది మిరుమిట్లు గొలపకూడదు. మీటరున్నర అంటే దాదాపు మన కళ్ళ ఎత్తే!

1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ బండికి ఇష్టం వచ్చిన మార్పులు చేయకుండా హద్దు పెట్టింది. 2019లో వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ మారింది. దాని ప్రకారం నిబంధనలకు విరుద్ధంగా విడిభాగాలు బిగించి బండిని మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. గమనించండి, ఇక్కడ శిక్ష యజమానికి. "షాపువాడు బిగించాడండీ" అంటే చెల్లదు. పైగా వైరింగు కోసి బల్బు పెడితే కంపెనీ వారంటీకీ చిక్కు వస్తుంది.

వెలుగు నిజంగానే తగ్గితే...

చాలా బళ్ళలో తప్పు బల్బుది కాదు. పెద్ద బల్బు కొనే ముందు ఇవి చూడండి.

* లైటు మీది ప్లాస్టిక్ మూత ఎండకి పసుపుబారి ఉంటే పాలిష్ చేయించండి. గిన్నెల పొడితో, స్టీలు పీచుతో మాత్రం తోమకండి. గీతలు పడి వెలుగు ఇంకా చెదురుతుంది.

* బ్యాటరీ, ఎర్త్ వైరు చూపించండి. బల్బుకి అందే వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. తుప్పు గీకి వైరు బిగిస్తే కొత్త బల్బు వేసినట్టే ఉంటుంది.

* గాజు లోపల నల్లబడ్డ పాత బల్బుని అదే వాట్ల మంచి బల్బుతో మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే వెలుగు సమంగా ఉంటుంది. హాలోజన్ గాజుని వట్టి చేత్తో ముట్టుకోకూడదు. చేతి జిడ్డు అంటిన చోట వేడెక్కి బల్బు త్వరగా పోతుంది.

* చదునైన నేల మీద కారుని గోడకి 10 మీటర్ల దూరంలో నిలిపి డిమ్ లైటు వేయండి. వెలుగు పై అంచు, లైటు ఉన్న ఎత్తు కంటే 10 సెంటీమీటర్ల దాకా కిందుగా ఉండాలి. పైకి పోతుంటే మెకానిక్ చేత సరిచేయించండి.

* పండగ సామానంతా డిక్కీలో సర్దితే కారు ముందు భాగం పైకి లేస్తుంది, లైటూ లేస్తుంది. చాలా కార్లలో స్టీరింగు దగ్గర 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. బరువు ఎక్కువైతే దాన్ని పై అంకెకు తిప్పితే లైటు కిందికి దిగుతుంది.

* ముందు అద్దాన్ని లోపలి వైపు కూడా తుడవండి. అక్కడ పేరుకున్న జిడ్డు పొరే రాత్రిళ్ళు సగం చూపుని మింగేస్తుంది.

షాపులో మొహమాటపడకండి

"ఇది మా బండి పుస్తకంలో రాసిన రకమేనా? ఎన్ని వాట్లు?" అని అడగండి. బల్బు మీద వృత్తంలో ఆంగ్ల 'ఈ' అక్షరం, పక్కన అంకె ఉందేమో చూడండి. అది ప్రమాణాల గుర్తు. బిల్లు తీసుకోండి. "అందరూ వేయిస్తున్నారమ్మా" అనేది జవాబు కాదు.

ప్రయాణంలో కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే బండి ఆపించండి. ఎదురుగా బండి కనబడగానే "డిమ్ వేయండి" అని పక్క సీటులోంచి గుర్తు చేయండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి! ఎదురొచ్చే బండిలోనూ మనలాంటి సంసారమే ఉంటుంది. వాళ్ళ చూపు సవ్యంగా ఉంటేనే మనం క్షేమంగా ఇల్లు చేరేది.