వార్తల్లో పదం: సహ నిర్లక్ష్యం

బైకు ప్రమాదాల పరిహారంపై వచ్చే తీర్పుల వార్తల్లో ‘కంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. తెలుగులో సహ నిర్లక్ష్యం. ప్రమాదానికో, గాయం తీవ్రతకో బాధితుడి పొరపాటు కూడా కొంత కారణమైతే, ఆ మేరకు పరిహారం తగ్గించడమే దీని సారం. మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్ నష్టాన్ని 10 లక్షల రూపాయలుగా లెక్కగట్టి, అందులో బాధితుడి తప్పు 20 శాతమని తేలిస్తే చేతికొచ్చేది 8 లక్షలే.

అసలు చిక్కంతా ‘కారణం’ అన్న మాట దగ్గరే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం బైకు నడిపేవారి వెనుక ఒక్కరే కూర్చోవాలి. ముగ్గురు వెళ్తున్న బైకును కారు ఢీకొన్న కేసులో హైకోర్టు పరిహారంలో 10 శాతం కోత పెట్టింది. 2020లో సుప్రీంకోర్టు ఆ కోతను కొట్టేసింది. ముగ్గురెక్కడం ఉల్లంఘనే అయినా, ప్రమాదానికి గానీ గాయాలకు గానీ అదే దోహదం చేసిందన్న ఆధారం ఉండాలంది. చట్టం తప్పినవారికి పూర్తి పరిహారం ఎలా ఇస్తారన్న ఆక్షేపణ సహజమే. కానీ ఆ తప్పుకు జరిమానా విడిగా ఉంది. ట్రిబ్యునల్ తూచేది కారణాన్ని. హెల్మెట్ లేకపోవడం తలకు దెబ్బ తగిలిన కేసులో లెక్కకు రావచ్చు, కాలు విరిగిన కేసులో దానికి సంబంధమే ఉండదు.

సహ నిర్లక్ష్యం ఉందని వాదించేవారే, అంటే చాలా కేసుల్లో బీమా కంపెనీయే, దాన్ని రుజువు చేయాలి. ఆ వాదన వస్తే తిప్పికొట్టడానికి ఎఫ్ఐఆర్, పంచనామా నకళ్లు, ఆసుపత్రి ఇచ్చిన గాయాల ధ్రువపత్రం భద్రంగా దాచుకోండి.